ప్రజల నడుగని ప్రశ్న

బొల్లాపల్లి నుండి ఉత్తరముగా పల్నాటి సీమను దాటిపోయినచో కృష్ణానది అడ్డు వచ్చును. ఆవలి గట్టున నల్లగొండ సీమ. 1948 వరకు ఆ నీరు రెండు ప్రభుత్వములకు హద్దు. ఈవల మదరాసు రాష్ట్రము. ఆవల నిజాము రాజ్యము, హాలీ సిక్కా, కరోడుగిరి నాకాలు. భాష మాత్రము ఇరుగట్లను తెలుగే.

బ్రిటిషువారు వైదొలగిన పిమ్మట తాను స్వతంత్ర ప్రభువు నగుదునని 1947 జూన్ నెలలో నిజాము ఫర్మానా వెలువరించెను. 1941 జనాభా లెక్కల ప్రకారము ఆ సంస్థానమున కోటి అరువది లక్షలకు పైగా జనులు కలరు. రాజ్యము స్వతంత్ర దేశము కావలెనా యని వారిలో ఎవరిని ఎవరును అడుగలేదు. అడుగవలసిన పని లేదని నాటి చట్టము చెప్పినది; సార్వభౌమాధికారము తొలగగా నిర్ణయము ప్రభువునకే చెందునట!

అడిగిన చోట్లును కలవు. జునాగఢ్‌లో 1948 ఫిబ్రవరి 20వ తేదీన ప్రజల ఓటు తీసికొనగా లక్షా తొంబది వేలకు పైగా పడిన ఓట్లలో పాకిస్తానునకు వచ్చినవి 91 మాత్రమే. వాయవ్య సరిహద్దు రాష్ట్రమున 1947 జూలైలో భారతమా, పాకిస్తానా యని మాత్రమే అడిగిరి. స్వతంత్ర పఠాను దేశమను మూడవ మార్గము ఆ ఓటులో లేనందున ఖుదాయీ ఖిద్మత్‌గారులు దానిని బహిష్కరించిరి. ప్రశ్నను కూర్చు విధముననే సగము జవాబు ఉండునని శ్రోతలు గమనింపగలరు.

హైదరాబాదు విషయమునను ప్రజల ఓటు ప్రస్తావన 1948 సంప్రదింపులలో వచ్చినది. జూన్ నెలలో ఆ చర్చలు భగ్నమయ్యెను. సెప్టెంబరు 13 మొదలు 17 వరకు సైనిక చర్య జరిగి, ఆ ప్రశ్న ఓటు పెట్టె దాక పోకయే ముగిసెను. ఆ దినములలోను తరువాతను జరిగిన హత్యాకాండలో మృతులు ఇరువది యేడు వేలకు తక్కువ కాదని సుందరలాల్ సంఘము అంచనా వేసినది.

మరి ప్రజల మనసు ఏమి? స్వామి రామానంద తీర్థ నాయకత్వమున స్టేట్ కాంగ్రెసు 1947 ఆగస్టు 7వ తేదీన విలీనోద్యమము నారంభించెను. తెలంగాణ రైతులు దొరలకును రజాకారులకును ఎదురు నిలిచిరి. కాని భూమికై పోరిన రైతును ఢిల్లీ పక్షపు ఓటరుగా లెక్కించుట తొందరపాటు. కమ్యూనిస్టుల సాయుధ పోరాటము సైనిక చర్యతో ఆగలేదు. 1951 అక్టోబరు దాక భారత ప్రభుత్వముపైననే సాగినది.

నా దృష్టిలో కొంత స్పష్టమైన సాక్ష్యము 1952 ఎన్నికలు. హైదరాబాదు శాసనసభలోని 175 స్థానములలో కాంగ్రెసునకు 93 దక్కెను. ఆ పోరాట నాయకులలో ఒకరైన రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుండి నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లతో లోకసభకు ఎన్నికైరి. ప్రభుత్వమును ఎదిర్చినవారును ఆ పార్లమెంటుకే పోవ నెంచిరి. ఇది ఓటునకు సాటి కాదు; అయినను తేలికగా త్రోసివేయదగినదియు కాదు.

క్యూబెకు ప్రజలను 1995లో సూటిగానే అడిగిరి. వేర్పాటునకు నూటికి 49.4 మంది, వలదని 50.6 మంది పలికిరి. స్కాట్లండులో 2014లో నూటికి 55 మంది వలదనిరి. రెండు చోట్లను ఓడినవారు ఇండ్లకు పోయి, మరల ప్రచారమునకు దిగిరి. కృష్ణకు ఆవలి వారికి అట్టి ఓటమియు, అట్టి గెలుపును ఆనాడు లభింపలేదు.