లీడ్ బ్యాంకు ఎట్లు వచ్చినది?

జిల్లాలోని బ్యాంకుల ఋణ ప్రణాళికను సమన్వయపరచు లీడ్ బ్యాంకును రైతు సోదరులెరుగుదురు. దీని వెనుక పుణే నగరపు ఆర్థికవేత్త యొకరి కృషి యున్నది.

1930లో అచ్చట నెలకొల్పబడిన గోఖలే రాజకీయ, ఆర్థికశాస్త్ర సంస్థకు డి. ఆర్. గాడ్గిల్ గారు తొలి డైరెక్టరు. నాటి అహమ్మదునగరు జిల్లాలో గోదావరి, ప్రవర కాలువలవలన కలిగిన లాభమెంతయో ఆ సంస్థవారు విచారించి 1948లో ప్రకటించిరి. (ఇవి ఎగువ గోదావరి కాలువలు, మన డెల్టావి కావు.) ప్రవర రైతుల సహకార చక్కెర ఫ్యాక్టరీకి మొదటి అధ్యక్షులు కూడ గాడ్గిల్ గారే.

1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ ఋణ సర్వే సంఘమునందు వారొక సభ్యులు. రైతులు తెచ్చిన ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘములిచ్చినది సుమారు 3 రూపాయలేయని అందు తేలినది. హెచ్చుభాగము వడ్డీవ్యాపారులది. ఈ ఒక్క అంకె ఎన్నో ఉపన్యాసములకంటె ఎక్కువ పని చేసినది. 1969లో గాడ్గిల్ గారి అధ్యయన బృందము ఋణ అవసరములను ప్రాంతమువారీగా చూడవలెనని సిఫారసు చేయగా, ఆ డిసెంబరులోనే లీడ్ బ్యాంకు పథకము వచ్చినది.

ఆ 3 రూపాయల లెక్క రైతులనడిగి తెలిసికొనినదే. నేడు కొన్నిచోట్ల ఊరిలోనికి పోకుండనే సర్వే ఫారములు నింపుట నేనెరుగుదును. కౌలుదారు ప్రోనోటుమీద తెచ్చిన అప్పు, నూటికి నెలకు రెండో మూడో రూపాయల వడ్డీ, వాటిలో కనబడవు. గ్రామోద్యోగులు ఫారముతో కౌలుదారు ఇంటికి కూడ వెళ్ళవలెను.