స్పినలోంగా: ఒకపూట పడవప్రయాణము

లోకమున దీవులు రెండు విధములు. జనులు తమ యిష్టముచే పోయి నివసించు దీవులు కొన్ని. ఇతరులు పంపగా పోయి నివసింపవలసి వచ్చిన దీవులు కొన్ని. మధ్యధరా సముద్రమున మొదటి తెగకు చేరిన దీవులను గుఱించి వినని విద్యావంతు లుండరు. రెండవ తెగకు చేరినది స్పినలోంగా. ఇది గ్రీసుదేశమునకు చెందిన క్రీటుద్వీపపు ఈశాన్యతీరమున, ఎలుండా గ్రామము ముందరి చిన్న అఖాతపు ముఖమున నున్నది. వైశాల్యము ఇరువది యెకరములకు ఇంచుక యెక్కువ. ఉదయము పడవ యెక్కినవాడు దీనిని తీరికగా చూచి మధ్యాహ్న భోజనమునకు తన బసకు తిరిగి రాగలడు. కాని 1904 మొదలు 1957 వఱకు ఈ దారిని కొనిపోబడినవారిలో పెక్కుమందికి తిరుగుప్రయాణము లేకపోయెను. వారు నేరస్థులు కారు. వారిని ఏ న్యాయస్థానమును విచారింపలేదు. వారు కుష్ఠువ్యాధిగ్రస్తులు. వృత్తిచే న్యాయవాదుల మగుటచేత, ఆ దీవియందలి కోటకంటె ఆ దీవిని మనుష్యులతో నింపిన చట్టమే మాకు ముఖ్యముగా తోచినది. ఆ సంగతిని పాఠకులకు నివేదించుటకే యీ వ్యాసము.

స్పినలోంగాకు పోవుటకు మూడు రేవులు కలవు. ఎదుటి తీరమున నున్న ప్లాకా గ్రామమునుండి పోయినచో పది నిమిషములైనను పట్టదు. ఎలుండానుండి అరగంట లోపల చేరవచ్చును. ఆగియోస్ నికోలావోస్ పట్టణమునుండి పోవు పెద్దపడవలకు ఇంచుమించు గంట పట్టును. మేము ఈ మూడవ దారిని పోయితిమి. పడవ రెండంతస్తులది. పైన కూర్చుండుటకు బల్లలును, ఎండ తగులకుండ గుడ్డపందిరియు కలవు. క్రింద కాఫీయు ఫలహారములును అమ్ముదురు. ప్రయాణికులు ఐరోపాఖండపు పలుదేశములవారు. పిల్లలు కమ్మీలను పట్టుకొని నురుగును చూచి కేకలు వేయుచుండిరి. ఎడమప్రక్కను కొలొకీథా ద్వీపకల్పపు బోడికొండలు చాలసేపు వెంటవచ్చును. అందు చెట్లు తక్కువ, ముండ్లపొదలు ఎక్కువ. నీరు ఒడ్డుచెంత ఆకుపచ్చగాను, లోతున ముదురునీలముగాను ఉండును. తిరిగివచ్చునపుడు ఈ కొండల చాటున పడవ నిలిపి, ఈదగలవారికి కొంతసేపు అవకాశమిచ్చుట వాడుక. విహారమునకు కావలసిన హంగులన్నియు కలవు. ద్వీపకల్పపు కొన తిరిగినంతనే గుండ్రని బురుజులతో కోట కనబడును. అంతట పడవలోని సందడి తనంతట తానే తగ్గిపోయెను.

ఈ కోటను వెనీసు ప్రజాప్రభుత్వమువారు 1579లో కట్ట నారంభించిరి. స్పినలోంగా యనగా వారి భాషలో ‘పొడవైన ముల్లు’ అని అర్థము. ‘ఎలుండాకు’ అను నర్థముగల గ్రీకుమాటలను వినిన పరదేశీయులు వానిని తమకు తెలిసిన మాటగా మార్చుకొనిరని పండితులు చెప్పుదురు. 1669లో క్రీటు రాజధాని తురుష్కుల వశమైనను, ఈ కోట 1715 వఱకు వెనీసువారి చేతనే యుండెను. పిదప తురుష్కుల కుటుంబములు ఇచట కాపురముండి, వర్తకము చేసి వృద్ధిపొందినవి. 1881 నాటికి జనసంఖ్య వేయికి మించెను. 1898లో క్రీటునకు స్వపరిపాలన లభించిన తరువాత వారిలో పెక్కుమంది వెడలిపోవుచుండిరి. 1903లో క్రీటు ప్రభుత్వము ఈ దీవిని కుష్ఠువ్యాధిగ్రస్తుల నివాసముగా నిర్ణయించెను. మఱుసటి సంవత్సరమున సుమారు 250 మంది మొదటి రోగులు పడవలలో వచ్చిరి. 1913లో క్రీటు గ్రీసులో చేరినపిమ్మట, ఆ దేశపు ఇతర ప్రాంతముల రోగులను గూడ ఇచటికే పంపసాగిరి.

ఈ నిర్ణయమును చేసినవారిని క్రూరులని నిందించుట సులభము. కాని యది న్యాయము కాదు. అంతకు ముందు రోగులు పట్టణముల పొలిమేరలలో గుడిసెలు వేసికొని, దారిని పోవువారిని యాచించుచు బ్రదుకుచుండిరి. నార్వే వైద్యుడు హాన్సెను 1873లో ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టెను. అంతకు పూర్వము ఇది వంశపారంపర్యమనియు, పాపఫలమనియు తలచినవారు, పిదప ఇది అంటుకొనునను భయమున పడిరి. 1897లో బెర్లినునగరమున సమావేశమైన వైద్యులు రోగులను వేఱుగా నుంచుటయే మార్గమని తేల్చిరి. హవాయిదేశపు మొలకాయి, దక్షిణాఫ్రికాయందలి రాబెన్ దీవి అప్పటికే ఇట్టి కార్యమునకు వినియోగమగుచుండెను. స్పినలోంగాలో కట్టియున్న ఇండ్లు కలవు, తీరము దగ్గఱ, చుట్టును నీరు. పాలకుల దృష్టికి ఇంతకంటె అనువైన స్థలము కానరాలేదు. ఔషధము లేని కాలమున భయమే వైద్యుడును శాసనకర్తయు నయ్యెను.

పడవ దిగినవారు రోగులు ప్రవేశించిన ద్వారముననే లోనికి పోవలెను. అది కోటగోడలో వంపుతిరిగిన చీకటిదారి. ఇటలీదేశపు మహాకవి దాంతే నరకమును వర్ణించినవాడగుటచేత, దీనికి దాంతే ద్వారమని పేరు వచ్చెను. ఆ దారి దాటినంతనే ఎండలో నొక వీథి కనబడును. ఇరుప్రక్కలను అంగళ్లు, ఇండ్లు, వాని పాతకాలపు తలుపులు. ఇచట క్షౌరశాల యుండెను, కాఫీ అంగళ్లుండెను, ప్రార్థనాలయముండెను. రోగులకు ప్రభుత్వము నెలకు కొంత భృతి నిచ్చెడిది. ఆ సొమ్ముతో వారు తమకు కావలసినవి కొనుక్కొనెడివారు. ఎదుటి గ్రామములవారు కూరగాయలను, ఇతర సరకులను పడవలలో తెచ్చి అమ్మెడివారు. దీవినుండి బయటికిపోవు వస్తువులకు క్రిమిశుద్ధి చేయుట ఆచారము. త్రాగుటకు వాననీరే ఆధారము. వెనీసువారు కట్టిన తొట్లలో దానిని నిలువ చేయుదురు. రోగులు పరస్పరము వివాహమాడరాదని కట్టుబాటు. అయినను వివాహములు జరిగినవి, బిడ్డలు పుట్టిరి. రోగము లేని బిడ్డలను తల్లులనుండి వేఱుచేసి పంపివేయుట కలదు. వీథి చివరను చుట్టి పోయినచో శ్మశానము వచ్చును. అచటి సమాధులలో పెక్కింటిపై పేరులు లేవు.

ఈ వీథిలో ఎచట నిలిచినను ప్లాకా గ్రామము కనబడును. అచటి ఇండ్లను లెక్కింపవచ్చును. ఒడ్డున నడచు మనుష్యులను చూడవచ్చును. ఈ నడిమి నీరు మైలులో సగమునకు మించదు. వంతెన లేని కాలమున గౌతమీపాయను పడవలో దాటి ఎదుర్లంకకు పోయిన యానాము వృద్ధులకు ఇది యొక దూరము కాదు. వ్యాధికంటె ఈ సమీపమే ఎక్కువ బాధించెనేమో యని మాకు తోచినది. దూరదేశమునకు పంపబడినవాడు కొంతకాలమునకు తన యూరిని మఱచుటకు ప్రయత్నింపగలడు. ప్రతిదినమును ఎదుట చూచుచుండువాడు ఎట్లు మఱచును?

1936లో ఈ దీవికి ఎపామినోండాస్ రెముండాకిస్ అను యువకుడు కొనిరాబడెను. ఆతడు ఏథెన్సులో న్యాయశాస్త్రము చదువుచుండిన విద్యార్థి. చదువు ముగియలేదు, పట్టము చేతికి రాలేదు. అయినను ఆతనికి దీవియంతయు కక్షిదారు అయ్యెను. రోగులను కూడగట్టి, వైద్యులకు రక్షకుడని క్రైస్తవులు కొలుచు సెయింటు పాంటెలీమోను పేర నొక సహోదరసంఘమును స్థాపించెను. నివాసములు బాగుచేయవలెనని, వైద్యము సక్రమముగా జరుగవలెనని సంఘముపేర అధికారులకు అర్జీలు పెట్టెను. వీథులకు సున్నము కొట్టించిరి, నాటకములాడిరి, విద్యుద్దీపములు వచ్చినవి. భిక్షకులుగా చూడబడినవారు హక్కులు గలవారుగా మాటలాడ నేర్చిరి. రెముండాకిస్ కోరినది జాలి కాదు. జాలిని ఆతడు అవమానముగా నెంచెను. 1973లో ఫ్రెంచి దర్శకుడు జాన్ దనియెల్ పొలే తీసిన చిత్రమున, చూపు కోల్పోయిన యీ వృద్ధుడు ఛాయాగ్రాహక యంత్రమునకు ఎదుట నిలిచి ఆరోగ్యవంతుల సమాజమును నిలదీసెను. వాదించుటకు న్యాయస్థానము లేని న్యాయవాది ఆతడు. మా వృత్తివారు తలపోయదగిన జీవితము.

ఇంతలో ఔషధము వచ్చెను. 1941లో అమెరికాలోని కార్విల్ వైద్యశాలలో డాక్టరు ఫాజెట్ సల్ఫోను జాతి మందును ప్రయోగించి గుణము కనుగొనెను. మన మద్రాసు చెంతనున్న చెంగల్పట్టులో డాక్టరు రాబర్టు కాక్రేన్, ఆ దశాబ్దమున డాప్సోనును రోగులకిచ్చి పరీక్షించిన మొదటివారిలో ఒకరు. స్పినలోంగా రోగులకు గూడ ఈ మందు అందెను. గుణపడినవారు ఇండ్లకు పోసాగిరి. 1957లో నివాసమును మూసివేసి, మిగిలినవారిని ఏథెన్సు వైద్యశాలకు చేర్చిరి. ఒక పూజారి మాత్రము 1962 వఱకు నిలిచియుండెను. మరణించినవారికి అయిదవ సంవత్సరము వఱకు స్మారకప్రార్థనలు జరుపుట గ్రీకుక్రైస్తవుల ఆచారము. చనిపోయినవారి ఋణము తీర్చి ఆయన కడపట దీవిని విడిచెను.

2005లో విక్టోరియా హిస్లప్ అను ఆంగ్ల రచయిత్రి ఈ దీవిని గుఱించి నవల వ్రాసినపిమ్మట, ఏటేట లక్షలకొలది జనులు వచ్చుచున్నారు. ఒకప్పుడు సరకు పడవ వచ్చి వెంటనే మరలిపోయిన రేవున నేడు పడవ వెంట పడవ నిలుచుచున్నది. వచ్చినవారు ఛాయాపటములు తీసికొని పోవుదురు. ఇందు తప్పు లేదు. కాని ఇదంతయు గతించిన కాలపు కథ యని, పరదేశపు కథ యని తలచి పడవ యెక్కుట తప్పు. భారతీయు డట్లు తలచుటకు బొత్తిగా వీలులేదు.

మన దేశమున 1898లో లెపర్సు చట్టము చేయబడెను. జీవనాధారము లేనట్టియు, బహిరంగముగా యాచించునట్టియు రోగిని, ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో ఏ పోలీసు ఉద్యోగియైనను వారంటు లేకయే పట్టుకొని ఆశ్రమమునకు పంపవచ్చును. రోగి అమ్మకమునకు ఆహారము వండరాదనియు, పబ్లిక్ బావులవద్ద స్నానము చేయరాదనియు నిషేధింప వీలుండెను. చట్టము ధనికరోగిని పట్టుకొనలేదు, పేదరోగినే పట్టుకొనెను. ఈ చట్టమును పార్లమెంటు రద్దు చేసినది 2016లో. మందు కనుగొని డెబ్బదియైదేండ్లైన తరువాత! కుష్ఠువ్యాధిని విడాకులకు కారణముగా నెంచు నిబంధనలను అయిదు వ్యక్తిగత చట్టములనుండి తొలగించినది 2019లో. ఒడిశాలో కుష్ఠువ్యాధిగ్రస్తుడు పురపాలకసంఘ సభ్యుడుగా నుండరాదను నిబంధనను సుప్రీముకోర్టు 2008లో చెల్లుబాటు చేసి, నేటి వైద్యవిజ్ఞానమును బట్టి దీనిని పునరాలోచింపుడని శాసనసభకు సూచించెను. లా కమిషను 2015లో ఇట్టి నిబంధనలనన్నింటిని తొలగింపవలెనని చెప్పినది. అన్నియు తొలగలేదు.

సాలూరు, డిచ్‌పల్లి కుష్ఠువైద్యశాలల పేరులు తెలుగువారికి పరిచితములే. మన పల్లెలలో ఈ వ్యాధి పేరెత్తుటకు జంకి ‘పెద్దరోగము’ అందురు. నిజమునకు ఇపుడిది చిన్నరోగము. 1981లో ప్రపంచారోగ్యసంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సను ఆఱుమాసములో, సంవత్సరమో తీసికొన్నచో నయమగును. మందు మొదలిడిన కొలదిదినములకే ఇతరులకు అంటునను భయము తొలగును. ఐనను లోకమున ఏటేట కనుగొనబడు క్రొత్తరోగులలో సగముకంటె ఎక్కువమంది మన దేశీయులే. మచ్చను చూచినవాడు వైద్యునికడకు పోక దాచుకొనుటకు కారణమేమి? ఊరు వెలివేయునను భయమే. అనగా రోగి భయపడునది రోగమునకు కాదు, మనకు. నయమైనవారు సహితము దేశమున వందలకొలది ప్రత్యేక నివాసములలో ఊరి వెలుపల నేటికిని కాపురముండుటకు హేతువు వేఱొకటి కానరాదు.

భయము చట్టమును ఒక్కనాట పుట్టించును. జ్ఞానము దానిని తీసివేయుటకు తరములు పట్టును. స్పినలోంగా చెప్పు పాఠమిదియని మా నమ్మకము. అంటువ్యాధి వచ్చినపుడు రోగిని వేఱుగా నుంచుట కొన్నియెడల అవసరమే. కాని అట్టి చట్టము చేయునాడే అది యెంతకాలము, ఎవరి నిర్ణయముచే, ఏ పునర్విచారణకు లోబడి యమలగునో వ్రాయవలెను. గడువు లేని నిర్బంధము శిక్షయే; దానికి ఆశ్రమమని పేరు పెట్టినంతమాత్రమున స్వభావము మారదు. మన శాసనసభలు మిగిలిన నిబంధనలను వెదకి రద్దుచేయవలెను. నయమైనవారు నివసించు స్థలములకు పట్టాలీయవలెను. మనము చేయవలసినది అంతకంటె సులువు: నయమైనవాడు వచ్చినపుడు బల్లపై చోటిచ్చి, మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుట. ఈ పనికి గెజిటు ప్రకటనతో నిమిత్తము లేదు.