హిప్పీ శబ్దము – దిగంబర శబ్దము

విశాఖపట్టణమునుండి శ్రీకాకుళమునకుఁ బోవు రాజమార్గమున భోగాపుర మను గ్రామము గలదు. ఆ ప్రాంతమునఁ డెబ్బదియేండ్లు పైబడినవారి నోట నేఁటికిని వినవచ్చు నొక పరదేశ శబ్దము "హిప్పీ". చెవులు గప్పునట్లు పెంచిన జుట్టు "హిప్పీ క్రాపు". అట్టి జుట్టుగలవాఁడు "హిప్పీగాఁడు". ఈ వాడుక తెలుఁగునాఁట నంతటను గలదు. అయినను ఆ జుట్టు మొదట పెంచినవా రెవరు, ఏల పెంచిరి, వారివలన లోకమున నిలిచిన దేమి యని యడిగినచో సమాధానము దొరకుట యరుదు. శబ్దము మిగిలి యర్థము సన్నగిల్లినచోటఁ బదపరిశీలనము చరిత్రకుఁ దోడ్పడును.

"హిప్" అను పదము అమెరికాలోని నల్లజాతి సంగీతకారుల పలుకుబడిలో "ఎఱుక గలవాఁడు" అను నర్థమున వ్యాప్తి చెందినది. దానినుండి పుట్టిన "హిప్పీ" పదమును 1965 నుండి శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలు ఆ నగరపు హెయిట్-ఆష్‌బరీ పేటలోఁ జేరిన యువజనులకుఁ బేరుగా వాడఁజొచ్చినవి. వియత్నాము యుద్ధము, నిర్బంధ సైన్యప్రవేశము, ధనార్జనమే పరమార్థ మను జీవితము – ఈ మూఁటిని వారు నిరాకరించిరి. 1967 జనవరి 14వ తేదీన అచ్చటి గోల్డెన్‌గేటు ఉద్యానమున వేలకొలఁది జనులు గూడిరి. ఆ యేఁటనే అక్టోబరు 6వ తేదీన ఆ పేటవారే కొందఱు "హిప్పీ మరణించెను" అని చాటుచు శవపేటిక నూరేగించిరి. పత్రికలును వర్తకులును తమ యాశయమును విడిచి వేషమును సరకుగాఁ జేసికొని రని వారి యాక్షేపము. పదము జుట్టునకుఁ బరిమితమగు నను భయము ఆ పదము పుట్టిన మూఁడవయేఁటికే పుట్టిన దన్నమాట.

ఆ భయము తెలుఁగునాఁట నిజమైనది. హిప్పీలు ఇస్తాంబులు, టెహరాను, కాబూలు నగరముల మీఁదుగా ఢిల్లీకిని, అందుండి గోవాకును కాట్‌మండునకును సాగిరి. 1979లో ఇరాను విప్లవమును, ఆఫ్‌గనిస్థానమునందు సోవియట్టు సేనల ప్రవేశమును ఆ దారిని మూసినవి. ఉత్తరాంధ్రతీర మా దారిలో లేదు. కావున నిచ్చటివారికి హిప్పీలను గూర్చిన జ్ఞానము పత్రికలవలనను, 1971లో వెలువడిన "హరే రామ హరే కృష్ణ" వంటి హిందీ చలనచిత్రములవలనను గలిగినదే. తార్కికుల మాటలోఁ జెప్పినచో నిది శబ్దప్రమాణమే కాని ప్రత్యక్షము గాదు.

అట్లయినచో ఈ పెద్దల స్మృతికి మూలమైన యనుభవ మేది? అది జుట్టే. "హిప్పీ క్రాపు" అను సమాసమును విప్పి చూడవలయును. క్రాపనఁగాఁ గత్తిరించుట, హిప్పీ యనఁగాఁ గత్తిరింపకుండుట. పరస్పరవిరుద్ధములైన యీ రెండు పదము లొక సమాసమున నెట్లు గూడినవి? పూర్వతరమున పిలకను దీసి క్రాపు పెట్టించుకొనుట పెద్దల కెదురాడుట. ఆ క్రాపువారే తండ్రులైన పిదప, దానిని బెరుగనిచ్చుట వారి కెదురాడుట. రెండు తరముల ధిక్కార మొక సమాసమున నిమిడినది. జుట్టు పెంచి తండ్రిచేఁ జీవాట్లు దిన్నవానికి శాన్‌ఫ్రాన్సిస్కో తెలియకపోవచ్చును గాని, ధిక్కార మతనికిఁ బ్రత్యక్షానుభవమే.

ఆ ధిక్కారము తెలుఁగు సాహిత్యమున హిప్పీ యను పేరుతో రాలేదు. దిగంబర మను పేరుతో వచ్చినది. 1965 మే నెలలో హైదరాబాదునందు "దిగంబర కవులు" మొదటి సంపుటము వెలువడెను. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అను నాఱుగురును గన్నవారిడిన పేరులను విడిచి తామే పేరు లిడుకొనిరి. ఋతువులకు సైతము ఆశ, తపన, అశ్రువు మొదలగు క్రొత్త నామములఁ గల్పించిరి. మొదటి సంపుటము నర్ధరాత్రమున నొక రిక్షా లాగువాఁడు వెలువరించెను. రెండవ దానిని 1966 డిసెంబరులో విజయవాడయం దొక హోటలు పనివాఁడును, మూఁడవ దానిని 1968 సెప్టెంబరులో విశాఖపట్టణమునం దొక బిచ్చగత్తెయు వెలువరించిరి.

వీరు పాశ్చాత్యుల ననుకరించి రని కొందఱాక్షేపించిరి. అమెరికా కవి గిన్స్‌బర్గు 1962, 63 సంవత్సరములలో భారతదేశమున నుండుటయు, కలకత్తాలో 1961లోనే "హంగ్రీ" కవు లను వంగకవుల యుద్యమము మొదలగుటయు నిజమే. గాలి యొకటియే కావచ్చును. కాని పేరు పరిశీలించినచో మూలము స్పష్టమగును. దిగంబర మన్యదేశ్యము గాదు. విజయనగర మండలమునందలి రామతీర్థమున దుర్గకొండపై నేఁటికిని జైన తీర్థంకరుల శిల్పములు గలవు. హిప్పీ యొక వేషమును విడిచి వేఱొక వేషమును దాల్చెను; దిగంబరుఁడు మాటయందు వేషమునే విడువఁగోరెను.

దిక్కులే యంబరముగాఁ గలవాఁడు దిగంబరుఁడు, ఇది బహువ్రీహి. దిక్ + అంబర యనుచోఁ గకారమునకు జశ్త్వమువలన గకారము వచ్చును. ఈ కవులు తమ రచనలకు "దిక్కులు" అని పేరిడుట యిందువలననే. అయితే సంస్కృతమున లేని యొక యర్థము తెలుఁగున దిక్కునకుఁ గలదు; అది శరణము. దిక్కులేనివాఁ డనఁగా నాశ్రయము లేనివాఁడు. దిక్కులను బేరుగల కృతులను దిక్కులేనివారిచే వెలువరింపించుట వట్టి వింత గాదు; తెలుఁగు పలుకుబడి తెలిసినవాఁడే యెఱుఁగు శబ్దశక్తి యది. బాలురు తఱచు తాఱుమాఱు చేయు దిక్, ధిక్ అను రెండు శబ్దము లిచ్చట నొండొంటికిఁ జేరువైనవి. ఒత్తు లేనిది దారి చూపును. ఒత్తు గలది నిందించును.

దారు లెక్కడ వేఱైనవో యీ మండలముల చరిత్రయే చెప్పును. హిప్పీలు సమాజమును విడిచి పోవుటయే మార్గ మనిరి. ఉత్తరాంధ్రమున 1967 అక్టోబరు 31వ తేదీన లేవిడియొద్ద నిద్దఱు గిరిజన నాయకులు కాల్పులలో మృతులైరి. పిదప శ్రీకాకుళపు కొండలలో సాయుధపోరాటము చెలరేఁగెను. 1970 ఫిబ్రవరిలో విశాఖయందు శ్రీశ్రీ షష్టిపూర్తి జరుగుచుండఁగా, రచయితలు తా మేపక్షమువారో తెలుపవలయు నని విద్యార్థులు గోరిరి. జూలై 4వ తేదీన విప్లవ రచయితల సంఘ మేర్పడెను. మహాస్వప్నయు భైరవయ్యయు నందుఁ జేరలేదు. చేరిన నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు 1971లో నివారక నిర్బంధచట్టము క్రింద చెఱసాలకుఁ బోయిరి. 1982లో చెరబండరాజు మరణించెను. సమాజమును విడిచిపోవుట గాక దానితోఁ దలపడుట వీ రెన్నుకొన్న దిక్కు.

దోషములును గలవు. వీరి రచనలలో స్త్రీశరీరమును నిందకు సాధనముగాఁ జేసిన పదములు తఱచు గన్పట్టును. కుళ్లును దూషింపఁబోయి యాఁడువారిని గించపఱచుట సమర్థనీయము గాదు. అయినను గ్రామ్య మని లాక్షణికులు వెలివేసిన మాటకుఁ గవిత్వమునఁ జోటు గల్పించిన ధైర్యము పిమ్మట వచ్చిన కవులకు దారి తీసినది. నిఖిలేశ్వర్ "అగ్నిశ్వాస" కృతికి 2020 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించుట, వెలుపల నిలిచి యఱచిన గొంతు లోపలివారికిని వినఁబడె ననుటకుఁ దార్కాణము.

కావున నిఘంటుకారులు హిప్పీ శబ్దమునకు "జుట్టు పెంచినవాఁడు" అని యొక్క యర్థమే వ్రాసి తృప్తి చెందరాదు. జుట్టు చిహ్నము, నిరాకరణ మర్థము. ఆనాఁడు జుట్టు పెంచినవారు నేఁడు వృద్ధులు. వారి నోటి మాట వారితోఁ బోవును. భోగాపురమున నైనను మఱియొక గ్రామమున నైనను పాఠశాల పండితులు తీఱికవేళ నట్టివారిని "ఏల పెంచితిరి?" అని యడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసి యుంచినచో, నిఘంటువున లేని యర్థము దొరకును.