లాగి వదిలితే పోయిన పెళ్లి ఫొటోలు

నిరుడు మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే భీమవరం నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, నువ్విచ్చిన దాంట్లో ఫొటోలు ఇటువైపు లాగాను. కార్డులో లేవు, ఇక్కడ చూస్తే సగమే ఉన్నాయి. ముహూర్తం టైములోవి ఒక్కటీ కనపడట్లేదురా."

నిద్రమత్తు ఒక్క దెబ్బకి వదిలిపోయింది.

బాబాయికి పాతికేళ్లుగా ఫొటో స్టూడియో ఉంది. ఒక్కో పెళ్లికి రెండు వేల ఫొటోలు తీస్తే, ఆల్బమ్‌కి ఓ రెండొందలు ఏరాలి. ఆ పని తేలికవ్వాలని నేను ఖాళీ టైములో పైథాన్‌లో, క్యూటీ అనే టూల్‌కిట్‌తో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఎడమవైపు కెమెరా కార్డు, కుడివైపు ఆల్బమ్ పేజీలు. మౌస్‌తో పట్టుకుని, లాగి, వదలడమే. దీన్నే డ్రాగ్ అండ్ డ్రాప్ అంటాం. మీరూ రోజూ చేసే పనే. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ, లోపల జరిగే తంతు వేరు.

మీరు ఫొటోని పట్టుకుని లాగుతున్నప్పుడు నిజానికి ఫొటో ఎక్కడికీ కదలదు. మౌస్ బాణం వెంట వెళ్లేది దాని నీడలాంటి చిన్న బొమ్మ. లోపల వెళ్లేది ఒక పొట్లం. అందులో "నా దగ్గర ఈ ఫైళ్లున్నాయి, ఫలానా చోట ఉన్నాయి" అన్న వివరం ఉంటుంది. కావాలంటే అదే సరుకుని రెండు మూడు రూపాల్లో పెట్టొచ్చు: మామూలు అక్షరాలుగా, ఫైలు చిరునామాగా, బొమ్మగా. అవతలి కిటికీ మీదకి బాణం రాగానే అది పొట్లం మీది చీటీ చదువుకుని, తనకి పనికొస్తే "సరే" అనాలి. అనకపోతే మీరు వదిలినా దానికి కబురే వెళ్లదు. కొత్తగా రాసేవాళ్లందరూ మొదట తప్పేది ఇక్కడే. నేనూ రెండు గంటలు తల పట్టుకున్నాను.

అసలు లాగడం మొదలైందని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? బటన్ నొక్కి కాస్త దూరం జరిపితేనే లాగుడు, లేకపోతే నొక్కుడు. క్యూటీలో ఆ దూరం మామూలుగా 10 పిక్సెళ్లు. బాబాయి చెయ్యి కొంచెం వణుకుతుంది. నొక్కుదామనుకున్నప్పుడల్లా ఫొటో జారిపోతోందని గోల పెడితే 20 చేశాను. ఆ ఒక్క మార్పుకి నన్ను మెచ్చుకున్నంతగా మా మేనేజర్ ఎప్పుడూ మెచ్చుకోలేదు.

ఇంకో తలనొప్పి విండోస్‌ది. స్టూడియోలో పనిచేసే కుర్రాడు ఏదో ఎర్రర్ వచ్చిందని నా ప్రోగ్రామ్‌కి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" టిక్కు పెట్టేశాడు. అంతే, డెస్క్‌టాప్ మీంచి ఏం లాగినా అడ్డగీత గుండ్రం కనపడేది. విస్టా వచ్చినప్పటినుంచి, తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రామ్ ఎక్కువ అధికారం ఉన్నదాంట్లోకి ఏమీ పడేయకుండా విండోస్ ఆపేస్తుంది. భద్రత కోసమేలెండి. కానీ ఆ ముక్క ఎక్కడా చెప్పదు. ఒక రాత్రంతా నా కోడ్‌లో తప్పు వెతుక్కున్నాను. తప్పు ఆ టిక్కులో ఉంది.

తెలుగు సంగతి సరేసరి. వధూవరుల పేర్లు వర్డ్‌లోంచి లాగి పేజీ మీద వదిలితే గజిబిజి ఇంగ్లిషు అక్షరాలు పడేవి. ఆ ఫైలు అను ఫాంట్లలో కొట్టింది. అక్కడ లోపలున్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిషు అక్షరాలకి తెలుగు ముసుగు. లాగితే అక్షరాలొచ్చాయి, ముసుగు అక్కడే ఉండిపోయింది. యూనికోడ్‌లో మళ్లీ కొట్టించక తప్పలేదు.

ఇక అసలు నేరం. లాగి వదలడంలో ముఖ్యంగా మూడు క్రియలుంటాయి: కాపీ, మూవ్, లింక్. మూవ్ అయితే, అవతలివాడు "అందింది" అన్నాక ఇవతలివాడు తన దగ్గరున్నది చెరిపేయాలి. ఒక పేజీలోంచి ఇంకో పేజీకి ఫొటో మార్చినప్పుడు పాతచోట పోవాలి కాబట్టి మూవ్ పెట్టాను. బద్ధకించి కార్డు వైపుకి కూడా అదే కోడ్ వాడేశాను. కాపీ, మూవ్ రెండింటికీ అనుమతిచ్చి, మామూలుగా ఏది జరగాలో చెప్పలేదు. చెప్పకపోతే క్యూటీ ముందు మూవ్‌నే ఎంచుకుంటుంది.

అదొక్కటే అయితే ఫొటోలు కార్డులోంచి ఆల్బమ్‌కి చేరేవి, నష్టం లేదు. పెద్ద ఫైళ్లకి తెర బిగుసుకుపోతోందని కాపీ చేసే పనిని వెనకాల వేరే థ్రెడ్‌కి అప్పజెప్పాను. ఆల్బమ్ వైపు పని మొదలుపెట్టి, పూర్తికాకుండానే "అందింది" అనేసింది. అది నమ్మి కార్డు వైపు చెరపడం మొదలైంది. వరసలో వెనకున్న ఫొటోలు కాపీ కాకముందే మాయమయ్యాయి. నా ల్యాప్‌టాప్‌లో పరీక్షించినప్పుడు ఐదారు చిన్న ఫొటోలతో చూశాను కాబట్టి ఎప్పుడూ దొరకలేదు.

"బాబాయ్, ఆ కార్డు తీసి పక్కన పెట్టు. దాంతో ఒక్క ఫొటో కూడా తీయకు" అన్నాను. చెరిపినా ఆ చోట కొత్తది రాసేదాకా పాతది అలాగే ఉంటుంది. కానీ అప్పటికే కెమెరాలో పెట్టి, పనిచేస్తోందో లేదోనని నాలుగైదు తీసి చూశాడట.

ఆ రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కాను. రికవరీ సాఫ్ట్‌వేర్ మూడు గంటలు తిరిగి దాదాపు అన్నీ తెచ్చింది. పదకొండు మాత్రం తెరుచుకోలేదు. అందులో జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో ఒకటి. వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి సర్దాం గానీ, పక్క ఫొటోలతో పోలిస్తే మసకగానే ఉంది. బాబాయి పెళ్లివారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆల్బమ్ డబ్బులు సగమే తీసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "టిఫిన్ తిని పడుకోరా, రాత్రంతా బస్సులో వచ్చావు" అన్నాడంతే.

నేను పడుకోలేదు. కార్డు నుంచి లాగితే కాపీ తప్ప ఇంకేదీ జరగకుండా మార్చాను. కార్డు మీద చెరిపే కోడ్ మొత్తం తీసిపారేశాను. పేజీల మధ్య మార్చినప్పుడు కూడా, కొత్తచోట ఫైలు పూర్తిగా చేరిందని సరిచూశాకే పాతది పోతుంది.

బాబాయి ఇప్పటికీ అదే వాడుతున్నాడు. కాకపోతే పెళ్లి నుంచి రాగానే ముందు కార్డు మొత్తాన్ని తన చేత్తో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఆ కార్డు బీరువాలో పెట్టి తాళం వేసి, అప్పుడు నా ప్రోగ్రామ్ తెరుస్తాడు.