పెయ్య ఎంత తిన్నది, ఎంత ఎదిగినది

సంకరజాతి పెయ్యలను కొనుటకై అప్పు కోరుచు సంఘసభ్యులగు రైతు సోదరులు మాయొద్దకు తఱచుగా వచ్చుచున్నారు. అందఱిదియు ఒకటే ప్రశ్న: "అయ్యా, సీమరక్తము గల దూడ మన దూడకన్న త్వరగా ఎదుగునందురు, నిజమేనా?" నిజమే. కాని అది ఏమి తిని ఎదుగునో అడుగువారు అరుదు.

సంఘపు పనిమీద తార్నాక దగ్గఱి లాలాపేట పాలకేంద్రమునకు పోయినప్పుడెల్ల మేము ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లనీడన కొంతసేపు నడచి వచ్చుట కలదు. ఆ ప్రక్కనే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో మెకారిసన్ దొర కూనూరులో ఆరంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. ఆయన కూనూరులో ఎలుకలకు మన దేశమందలి వేర్వేరు ప్రాంతముల భోజనములు పెట్టి తూచెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్నవి బాగుగ ఎదిగినవి. బియ్యమే ప్రధానమగు భోజనము తిన్నవి వెనుకబడినవి. ఎలుకల జాతి ఒక్కటే, మారినది మేత. ఆ దారిని పోవునప్పుడు మాకు మన పశువులకొట్టములే గుర్తువచ్చును.

దేశవాళి పశువు తన బరువు నూరు కిలోలకు రోజుకు 2 మొదలు 2½ కిలోల ఎండుమేత తినును. సంకరజాతిది 2½ మొదలు 3 కిలోలు. కడుపునిండ మంచి మేత దొరకినచో సంకరజాతి పెయ్య రెండున్నర, మూడేండ్లకే ఈనును. దేశవాళికి నాలుగేండ్లు దాటుటయు కలదు. అయితే ఎదుగుదల మాట అటుంచి, ఉన్న ఒడలిని నిలుపుకొనుటకే కొంత మేత కావలయును గదా! ఆ మేత మన మూపురపు పశువునకు సీమజాతికన్న సుమారు పదవవంతు తక్కువ చాలును. ఎండలు ముదిరినకొలది హోల్‌స్టీన్ వంటిది మేతయే తగ్గించును.

కొన్నియేండ్ల క్రిందట మేమే ఒక చిన్నరైతును సంకరజాతి పెయ్యను కొనుమంటిమి. అతనికున్నది వరిగడ్డి మాత్రమే. ఆ సంగతి మేము అడుగలేదు. వేసవిలో దాని ప్రక్కటెముకలు తేలినవి, ఎదకు రాలేదు. అప్పు వాయిదా మాత్రము వచ్చినది. అతని దేశవాళి పెయ్య అదే గడ్డి తిని, అంతగా ఎదుగకున్నను, నిలిచినది. తప్పు పెయ్యది కాదు, రైతుది కాదు, మాది.

దేశవాళి ఎదుగనే ఎదుగదనుటయు పొరపాటే. మన ఒంగోలు పశువులనే బ్రెజిలు దేశస్థులు కొనిపోయి, నెల్లూరి పేరుమీద నెలోరు అని పిలుచుచు, ఏరి కట్టించి, మంచి పచ్చిక మేపి, మాంసమునకు గొప్ప మందలు చేసికొనిరి.

కావున అప్పుపత్రము వ్రాయుటకు ముందు కొట్టములోనున్న పశువును కొలువుడు. ముంగాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను అంగుళములలో తీసి, దానిని దానితోనే హెచ్చవేసి, భుజము మొదలు పిరుదువఱకు గల పొడవుతో మరల హెచ్చవేసి, 300చే భాగింపుడు. వచ్చునది పౌనులు. చుట్టు 60, పొడవు 50 అయినచో 600 పౌనులు, అనగా సుమారు 272 కిలోలు. అంతటి సంకరజాతి పెయ్యకు రోజుకు 7 మొదలు 8 కిలోల ఎండుమేత కావలయును. పచ్చిమేతలో ముప్పాతిక వంతు నీరేయని మఱవకుడు. ఒక వారము గాడిలో వేసిన మేతను తూచి, మఱునాటి ఉదయము మిగిలినదియు తూచి తీసివేయుడు. ఏటి పొడుగునా, ముఖ్యముగా చైత్ర వైశాఖములలో, మీకు దొరకు మేత ఎంతయో ఆ ప్రక్కనే వ్రాయుడు. ఆ కాగితము తెచ్చినవారి దరఖాస్తును మేము ముందుగా చూచెదము.