విమానానికి ఎంత దూరం? ఎంతసేపు?

విజయవాడ దగ్గర గన్నవరంలో ఒక విమానాశ్రయం, తిరుపతి దగ్గర రేణిగుంటలో మరొకటి ఉన్నాయి. రైలు పట్టాలు ఈ ఊళ్ళ మధ్య గూడూరు మీదుగా మలుపు తిరిగి పోతాయి. విమానానికి పట్టాలు లేవు. మరి ఆకాశంలో దూరాన్ని ఏ టేపుతో కొలుస్తారు? టేపు అక్కరలేదు. అట్లాసు, పైథాగరస్ సిద్ధాంతం చాలు!

గన్నవరం విమానాశ్రయం సుమారు 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. రేణిగుంటకు ఆ అంకెలు 13.63, 79.54. అక్షాంశాల తేడా 2.90 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఇది 322 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 1.26 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా! అందువల్ల మన ప్రాంతంలో ఈ డిగ్రీకి 107 కిలోమీటర్లే. అంటే 135 కిలోమీటర్లు. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి భుజాలు. కర్ణం ఎంత? సుమారు 349 కిలోమీటర్లు. లెక్క సులువుకోసం 350 అనుకుందాం.

ఇలాంటి దగ్గరి ప్రయాణాలకు వాడే ఏటీఆర్-72 రకం ప్రొపెల్లర్ విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే 42 నిమిషాల ప్రయాణం. కాని టైమ్‌టేబుల్‌లో అంతకంటె ఎక్కువే వేస్తారు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, మళ్ళీ ఆగేదాకా పట్టే కాలమంతా అందులో చేరుతుంది. రన్‌వే చేరడానికి, పైకి లేవడానికి, దిగేముందు వేగం తగ్గించుకోవడానికి వ్యవధి కావాలి.

ఇక గాలి సంగతి. గోదావరిలో పడవ ప్రవాహపు వాలుకు త్వరగా పోతుంది. ఎదురు వెళ్ళాలంటే ఆలస్యమవుతుంది. విమానమూ అంతే. గంటకు 100 కిలోమీటర్ల గాలి వెనుకనుంచి వీస్తోందనుకోండి. నేలతో పోల్చిన వేగం 600 అవుతుంది. 35 నిమిషాల్లో చేరుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురైతే వేగం 400. ప్రయాణం 52న్నర నిమిషాలు. గాలి లేకపోతే రానూ పోనూ 84 నిమిషాలు. గాలి ఉంటే 87న్నర! పోయేటప్పుడు కలిసివచ్చిన లాభం తిరిగి వచ్చేటప్పటి నష్టానికి సరిపోలేదు. ఎందుకంటే విమానం ఎదురుగాలిలోనే ఎక్కువసేపు గడిపింది.

ఇది కేవలం ఆలస్యం సమస్య కాదు. ఇంజను గాలిలో ఉన్నంతసేపూ ఇంధనం తాగుతూనే ఉంటుంది. అందుకే బయలుదేరేముందు పైలట్లు దూరంతోపాటు పైగాలుల లెక్క కూడా చూస్తారు. గమ్యంలో దిగడం వీలుకాకపోతే మరో విమానాశ్రయానికి పోవడానికి, ఆపైన ఇంకో 30 నిమిషాలు గాలిలో తిరగడానికి చాలినంత ఇంధనం అదనంగా ఉంచుకుంటారు.

ఇప్పుడు మీకొక లెక్క. ఎదురుగాలి వేగం కూడా గంటకు 500 కిలోమీటర్లయితే, మన విమానం రేణిగుంటకు ఎప్పటికి చేరుతుంది? కాగితం తీసుకుని ప్రయత్నించండి!