గంప మోసిన వాళ్ళే మాట్లాడారు

2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్ రోడ్డు మీద బైఠాయించిన తేయాకు కూలీలు మొట్టమొదట తరిమింది యూనియన్ నాయకులను. కంపెనీ వంతు ఆ తర్వాత. ఏ రంగు జెండా వాళ్ళయినా సరే, వచ్చిన దారినే పొమ్మన్నారు. స్థానిక ఎమ్మెల్యేకీ అదే మర్యాద దక్కింది. సొంత మగవాళ్ళను కూడా పక్కకు జరిగి నిలబడమన్నారు.

గొడవ బోనస్ దగ్గర మొదలైంది. కణ్ణన్ దేవన్ హిల్స్ ప్లాంటేషన్స్ కంపెనీ 10 శాతమే ఇస్తానంది, వీళ్ళు 20 అడిగారు. రోజుకూలి 232 రూపాయలను 500 చేయమన్నారు. 2005లో టాటా టీ కంపెనీ తోటల నిర్వహణ నుంచి పక్కకు తప్పుకున్నప్పుడు పుట్టిన కంపెనీ ఇది. అప్పుడు కూలీలకూ వాటాలిచ్చారు. కాగితం మీద వీళ్ళు యజమానులే మరి!

ఆ 232 రూపాయలకు పని ఎంతంటే, తూకంలో రోజుకు 21 కిలోల ఆకు చూపాల్సి ఉండేది. నడుముకు ప్లాస్టిక్ పట్టా చుట్టుకుని, ఏటవాలు కొండ మీద కాలు నిలదొక్కుకుని కోయాలి. వానాకాలమైతే పాదాలకు జలగలు. అదనంగా కోసిన కిలోకు దక్కేది పైసల్లోనే. సాయంత్రం చేరేది 'లయం'కి. వరసగా ఒకదానికొకటి అతికించినట్టుండే పాతకాలపు కూలీ ఇళ్ళవి. ఒక గది, ఒక వంటిల్లు, అందులోనే ముసలివాళ్ళూ పిల్లలూ. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ ఇల్లు. రిటైరైతే ఖాళీ చేయాలి. గూడు పోకూడదంటే ఇంట్లో ఇంకెవరో ఒకరు తోటలోకి దిగాల్సిందే.

వీళ్ళలో ఎక్కువమంది తమిళ దళితులు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో కంగాణీలు, అంటే కూలీల మేస్త్రీలు, కొండ కిందినుంచి తోలుకొచ్చిన కుటుంబాల వాళ్ళు. కేరళ తోటల్లో పళ్ళర్లు, పరైయర్లు, అరుంధతియార్లు తరాలుగా ఉన్నారు. తమిళనాడు అరుంధతియార్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే అన్నది మనవాళ్ళకు పెద్దగా గుర్తుండదు. తోటలో ఆకు కోసేది ఆడవాళ్ళు, యూనియన్ ఆఫీసులో కుర్చీలు మగవాళ్ళవి. నాయకులు కంపెనీతో కుమ్మక్కయ్యారన్నది కూలీల ఆరోపణ. ఆకు గంప మోసేది మేము, డబ్బు గంప నొక్కేసేది మీరు అని అర్థం వచ్చే తమిళ నినాదాన్ని వాళ్ళు నేరుగా ఆ కుర్చీల మీదికే విసిరారు.

తొమ్మిది రోజులు కొచ్చి–ధనుష్కోడి రహదారి కదల్లేదు. ఉద్యమం ఊపందుకున్నాక దాదాపు 6,000 మంది ఆడవాళ్ళు అక్కడ చేరారు. తమకు తాము పెట్టుకున్న పేరు 'పెంబిళై ఒరుమై', ఆడవాళ్ళ ఐక్యత అని. నాయకుల్లో తొంభై దాటిన ప్రతిపక్ష నేత వి.ఎస్. అచ్యుతానందన్‌ను మాత్రం దగ్గర కూర్చోనిచ్చారు. చివరికి ముఖ్యమంత్రి ఊమెన్ చాందీ సమక్షంలో చర్చలు జరిగి, సెప్టెంబరు 13న ఒప్పందం కుదిరింది. 8.33 శాతం బోనస్, 11.67 శాతం ఎక్స్‌గ్రేషియా. పేర్లు వేరైనా కలిపితే 20.

కూలి దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. తోటల కూలి రేటు తేల్చే కమిటీలో గుర్తింపు ఉన్న యూనియన్లకే చోటు. రోడ్డు మీద గెలిచిన వాళ్ళకు అక్కడ కుర్చీ లేదు. అక్టోబరులో రేటు 301 రూపాయలైంది, కోయాల్సిన ఆకు 25 కిలోలకు పెరిగింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే.

ఉద్యమంలో ముందు వరసలో నిలిచిన గోమతి ఆ ఏడాదే దేవికుళం బ్లాక్ పంచాయతీకి ఎన్నికయ్యారు. తర్వాత నాయకత్వంలో చీలికలొచ్చాయి. లయాలు మాత్రం అలాగే ఉన్నాయి. 2020 ఆగస్టు 6 రాత్రి మున్నార్ దగ్గరి పెట్టిముడిలో కొండచరియ విరిగి లయాల మీద పడింది. 70 మంది పోయారు. వారం తర్వాత అప్పటి ముఖ్యమంత్రి పరామర్శకు వచ్చినప్పుడు, బతికినవాళ్ళకు సొంత భూమి, ఇల్లు ఇవ్వాలంటూ గోమతి మున్నార్ రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసులు ఆమెను పట్టుకుపోయారు.